లైన్లో నిలబడి లేచిన లంక

2022 మార్చిలో కొలంబో వీధుల్లో ఖాళీ గ్యాస్ సిలిండర్లు బారులు తీరాయి. వంతు పోకుండా వాటిని ఒకదానికొకటి గొలుసులతో కట్టి, జనం ఎండలో కాపలా కూర్చున్నారు. పెట్రోలు బంకుల దగ్గరా అదే గోస. ఆ క్యూలలోనే కుప్పకూలి కన్నుమూసిన వృద్ధులున్నారు. కాగితం కొరతతో పశ్చిమ ప్రావిన్సు బడుల్లో పరీక్షలు వాయిదా పడ్డాయి. కరెంటు కోత రోజుకు 13 గంటల దాకా వెళ్లింది.

ఈ ఆర్థిక సంక్షోభానికి కారణాలు చూస్తే, 2019 ఈస్టర్ నాటి బాంబు దాడులు, ఆ వెనకే కొవిడ్ పర్యాటకాన్ని దెబ్బతీసిన మాట నిజమే. కానీ పాపమంతా వాటి మీదకు నెట్టడం కుదరదు. 2019 చివర్లో అధ్యక్షుడు గొటబాయ రాజపక్స ప్రభుత్వం వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాకు తనే గండి కొట్టింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. సేంద్రియ సాగు మంచిదే. రైతుకు సర్దుకునే గడువే ఇవ్వకపోవడం క్షమించరాని తప్పు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు తోటలు నష్టపోయాయి. యూరియా కోసం వరసలో చెప్పులు పెట్టిన తెలంగాణ రైతుకు ఆ దెబ్బ ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేమని లంక ప్రకటించింది. స్వాతంత్య్రం వచ్చాక అలా చేతులెత్తేయడం అదే మొదలు.

అప్పటికి మూడు రోజుల ముందే గాల్ ఫేస్ సముద్రతీరంలో, అధ్యక్షుడి కార్యాలయం ఎదుట గుడారాలు లేచాయి. ఆ చోటికి ‘గోటా గో గామ’ అని పేరు పెట్టారు. గోటా అంటే గొటబాయ; సింహళంలో గామ అంటే ఊరు. నిజంగా ఊరే అది: వంటశాల, వైద్య శిబిరం, గ్రంథాలయం అన్నీ వెలిశాయి. రంజాన్ ఉపవాస దీక్షలు అక్కడే విరమించారు. మే 18న, 2009లో అంతర్యుద్ధం చివర్లో ముళ్లివాయ్‌క్కాల్‌లో చనిపోయిన తమిళులను తలచుకుని గంజి పంచుకున్నారు. యుద్ధం గెలిచామన్న గర్వంతో రాజపక్సలకు ఓట్లు వేసిన దేశంలో, రాజధాని నడిబొడ్డున ఆ గంజి! అధ్యక్ష భవనం ఈతకొలనులో జనం ఈదిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది అసలు ఘట్టం మాత్రం ఈ గంజే.

మే 9న గొటబాయ అన్న, ప్రధాని మహింద రాజపక్స అనుచరులు ఆ గుడారాల మీద పడి కొట్టారు. జనం తిరగబడ్డారు. ఆ హింసలో పాలకపక్ష ఎంపీ ఒకరు హతమయ్యారు. మహింద అదే రోజు రాజీనామా చేశారు. జులై 9న అధ్యక్ష భవనం జనం చేతికొచ్చింది. 13న సైనిక విమానంలో మాల్దీవులకు వెళ్లిన గొటబాయ, సింగపూర్ చేరి ఈమెయిల్‌లో రాజీనామా పంపారు.

2020 ఎన్నికల్లో తన సీటే కోల్పోయిన రణిల్ విక్రమసింఘె, జులై 20న పార్లమెంటులో 134 ఓట్లతో అధ్యక్షుడయ్యారు. రెండు రోజులకే, తెల్లవారకముందు సైన్యం గాల్ ఫేస్ మీద దాడి చేసి గుడారాలు పీకేసింది. జనం అడిగిన మార్పు ఇది కాదు.

సెప్టెంబరులో ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. సంక్షోభం వల్ల లంక నుంచి యూఏఈకి తరలిపోయిన ఆసియా కప్‌ను ఆ నెల 11న లంక జట్టే గెలుచుకుంది.

2023 నవంబరులో లంక సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఆర్థిక పతనానికి బాధ్యుల్లో గొటబాయ, మహింద, వారి తమ్ముడు బాసిల్ ఉన్నారు.