ఆరంగుళాల మెట్టు

బడి వరండాకు ఒక్క మెట్టు ఉందనుకుందాం. ఎత్తు ఆరంగుళాలు. నడవగలిగే పిల్లలు దాన్ని మెట్టని కూడా అనుకోరు, ఒక్క గెంతులో దాటేస్తారు. చక్రాల కుర్చీకి మాత్రం అది గోడ. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవున వాలు ఉండాలని మన దేశంలో నిర్మాణ ప్రమాణాలు చెబుతాయి. అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు కావాలి. రెండు మెట్లుంటే పన్నెండడుగులు. హైదరాబాద్‌లో మెహిదీపట్నం, కార్వాన్, అత్తాపూర్‌ల నడుమ ఇరుక్కున్న గుడిమల్కాపూర్ లాంటి చోట, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ సందుల్లో పన్నెండడుగుల ఖాళీ జాగా అంటే ఆస్తి కిందే లెక్క. జాగా లేనిచోట మెట్టు మీద కాస్త సిమెంటు పోసి దాన్నే ర్యాంపు అనేస్తారు. ఎక్కేటప్పుడు ఎవరో వెనక నుంచి తొయ్యాలి, దిగేటప్పుడు కుర్చీ ముందుకు ఒరుగుతుంది. కాగితంలో మాత్రం ‘ర్యాంపు: ఉంది’ అని పడుతుంది. బడుల మీద కేంద్రం తీసే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో, దేశం మొత్తం మీద పట్టుకోవడానికి కమ్మీలతో సహా ర్యాంపులున్న బడులు దాదాపు 55 శాతం. వాటిలో పిల్లలు తమంతట తాము ఎక్కగలిగినవి ఎన్నో ఆ అంకె చెప్పదు.

అయినా ర్యాంపు ఈ కథలో చిన్న భాగమే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో దండలు గుచ్చి బతికే ఒక తల్లి, వినబడని కూతుర్నో, మాట ఆలస్యంగా వచ్చిన కొడుకునో తీసుకుని పక్కనున్న సర్కారు బడికి వెళితే చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఇంటి దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కని చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్ళింది. ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు ఇవ్వాలంది. పక్క బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వాళ్ళ ఇష్టానికే వదిలింది. ఎంపిక పిల్లలది, వాళ్ళ తల్లిదండ్రులది. ‘ఇక్కడ కుదరదమ్మా, ఇలాంటి పిల్లలకు వేరే స్కూళ్ళుంటాయి, అక్కడికి తీసుకెళ్ళండి’ అని పంపేసే అధికారం ప్రధానోపాధ్యాయుడికి లేదు. ఆ మాట ఎంత మెత్తగా, ఎంత జాలితో చెప్పినా అది చట్టాన్ని కాదనడమే.

చేర్చుకోవడం దగ్గరే మన బాధ్యత తీరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. 2011 జనాభా లెక్కల ఆధారంగా యునెస్కో 2019లో వేసిన నివేదిక ప్రకారం, వైకల్యమున్న ఐదేళ్ళ పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్ళడం లేదు. ఐదు నుంచి పంతొమ్మిదేళ్ళ మధ్య వాళ్ళను తీసుకుంటే నాలుగో వంతు మంది బయటే ఉన్నారు. ఈ రెండు అంకెల నడుమ పిల్లలు బడిలో చేరుతున్నారు, అదీ ఆలస్యంగా. కానీ పేరు హాజరు పట్టీలో ఉండటం వేరు, పాఠంలో ఉండటం వేరు. చూపు మందగించిన పిల్లవాణ్ణి వెనక బల్లలో కూర్చోబెడితే వాడికి బోర్డు ఉన్నా లేనట్టే. వాణ్ణి ముందుకు తెచ్చి, పుస్తకంలో అక్షరం పెద్దది చేసి, కిటికీ వెలుగు కంట్లో పడకుండా బల్ల తిప్పితే చాలు, సగం పాఠం వాడికి చేరుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. తెలిసినవాళ్ళు ఉండాలి, అంతే. నా వాదనంతా ఈ ఒక్క మాట చుట్టూనే: సహిత విద్య అంటే ముందు ఆ బడిలో, రోజూ, ఆ తెలిసిన టీచరు ఉండటం.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడున్న ఏర్పాటు వేరే పద్ధతిలో నడుస్తోంది. సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో పనిచేసే ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు, కేంద్రంలో పిల్లలకు చెబుతూనే చుట్టుపక్కల బడులు తిరగాలి, ఇంటి నుంచి కదలలేని పిల్లల గడపలు తొక్కాలి, ఉపకరణాల శిబిరాలు చూసుకోవాలి, లెక్కలు రాయాలి. ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళే. ఫిజియోథెరపీ వారానికొక రోజు. ఈ మనుషుల కష్టాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ళే లేకపోతే చాలా ఇళ్ళలో పిల్లలకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అంటే ఏమిటో కూడా తెలిసేది కాదు. కానీ ఈ పద్ధతిలో పిల్ల పేరు ఒకచోట, పాఠం ఇంకోచోట అవుతుంది. బడి టీచరు ‘భవిత వాళ్ళు చూసుకుంటారు’ అనుకుంటారు. భవితలో ఉన్నవాళ్ళు వారానికోసారి వచ్చి ఐదు రోజుల పాఠాన్ని ఎలా అందుకుంటారు?

సుప్రీంకోర్టు ఈ చిక్కును సరిగ్గానే పట్టుకుంది. 2021 అక్టోబర్ 28న రజనీష్ కుమార్ పాండే కేసు తీర్పులో, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలంది. రాష్ట్రాలు కదలకపోయేసరికి 2025 మార్చి 7న మళ్ళీ గట్టిగా చెప్పింది: పోస్టులు లెక్కగట్టి ప్రకటించండి, భర్తీ చెయ్యండి. తెలంగాణ 2024 ఫిబ్రవరి 29న ఇచ్చిన టీచర్ల నియామకాల డీఎస్సీ నోటిఫికేషన్‌లో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో ప్రత్యేక విద్యకు స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) 796, వెరసి 1,016. కాంట్రాక్టు పనిని సర్కారు కొలువుగా గుర్తించడం మంచి మలుపే, మెచ్చుకోవాలి. కానీ రాష్ట్రంలో సర్కారు, స్థానిక సంస్థల బడులు 26 వేలకు పైనే. అన్ని పోస్టులూ నిండినా పాతికేసి బడులకు ఒక్కరు. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు సృష్టించింది, అక్కడా ఇదే లెక్క వేసుకోవాలి. కోర్టు చెప్పిన నిష్పత్తి బడుల మీద కాక పిల్లల మీద అన్నది నిజం. అయితే పిల్లలు ఎవరెక్కడున్నారో గుర్తిస్తేనే కదా ఆ నిష్పత్తి తేలేది! ఐదేళ్ళకోసారి సర్వే చేసి పిల్లల్ని గుర్తించాలన్నది 2016 చట్టంలోనే ఉంది. గుర్తించేవాళ్ళు లేకపోతే పిల్లలు లెక్కలోకి రారు, లెక్కలోకి రాకపోతే పోస్టు రాదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి, అది పోస్టు దగ్గరే తెగుతుంది.

అలాంటి టీచరు రోజూ ఏం చేస్తారో గుడిమల్కాపూర్ వైపు నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఈ ప్రాంతంలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో దక్కనీ ఉర్దూ, ఆ పైవాటాలో హిందీయో మరాఠీయో వినబడతాయి. బడిలో 2022 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. వినికిడి ఉన్న పిల్లలు ఈ భాషలన్నిటినీ వీధిలో ఆడుతూ పాడుతూ పట్టేస్తారు. వినబడని పిల్లకు వీధి ఆ పని చేసిపెట్టదు. అమ్మ పెదవుల మీద ఉర్దూ, టీచరు పెదవుల మీద తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. వీటిలో దేనికీ ఆ పిల్లకు చెవి లేదు. ఇక్కడ ముందు కావలసింది సైగల భాష, అది పిల్లకే కాదు, పక్క బల్ల మీది నేస్తానికి కూడా. మాటకు ముందు బొమ్మ, బొమ్మ పక్కన సైగ, దాని కింద ఒకే ఒక్క భాషలో రాత: ఇలా నిచ్చెన మెట్ల లాగా కట్టుకుంటూ రావాలి. ఇది శిక్షణతో వచ్చే పనితనం. అరవై మంది గోలలో, రెండు తరగతులు కలిపి చెప్పే మామూలు టీచరమ్మ ఇది తనంతట తాను చెయ్యలేదు. అందుకు ఆమెను తప్పుపట్టడం కూడా అన్యాయం.

ఇక అభ్యంతరాలు. ఎక్కువగా వినబడేది మిగతా పిల్లల తల్లిదండ్రుల మాట: ‘టీచరు వాళ్ళను చూసుకుంటూ కూర్చుంటే మా పిల్లల సంగతేంటి?’ ఈ భయాన్ని కసురుకోకూడదు. బిడ్డ చదువు మీద ఆశతోనే ఎవరైనా అంటారు. దీనికి జవాబు పరిశోధనల్లో ఉంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో 26 అధ్యయనాలను వడబోస్తే, మిగతా పిల్లల చదువు మీద ప్రభావం గురించిన ఫలితాల్లో 81 శాతం ‘తేడా లేదు’ అనో ‘మేలు జరిగింది’ అనో తేలాయి. 2017లో పోలండ్ పరిశోధకులు 47 అధ్యయనాలను కలిపి చూసి, చిన్నదే అయినా మేలే కనబడిందన్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. బొమ్మ గీసి, చేత్తో చూపించి, చిన్న ముక్కలుగా విడగొట్టి చెప్పే పాఠం వైకల్యమున్న ఆ ఒక్క పిల్లకే కాదు, అర్థం కాకపోయినా చెయ్యెత్తి అడగని మరో పదిమందికీ అర్థమవుతుంది. అయితే ఇవన్నీ చాలావరకు తగిన సిబ్బంది ఉన్న దేశాల్లో చేసిన అధ్యయనాలు. తోడు లేని టీచరుకు భారం పెంచితే ఇక్కడా అదే ఫలితం వస్తుందని నేను చెప్పను. పోస్టు గురించి పట్టుబట్టేది అందుకే.

రెండో అభ్యంతరం బరువైనది: ప్రత్యేక పాఠశాలలే ఈ పిల్లలకు నయం కదా? మలక్‌పేటలో వినికిడి లోపమున్న పిల్లలకు సర్కారు బడి ఉంది, నగరంలో అంధుల పాఠశాలలున్నాయి. బొల్లా శ్రీకాంత్ జీవితాన్నే ఉదాహరణగా చూపేవాళ్ళున్నారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన ఆయన్ని ఊరి బడి వెనక బల్లకు నెట్టింది, ఆటల్లోకి రానివ్వలేదు. హైదరాబాద్‌లోని అంధుల పాఠశాలలో చదువు వికసించింది. కథ అక్కడితో ఆపేస్తే ప్రత్యేక పాఠశాల గెలిచినట్టే. కానీ పదో తరగతి తర్వాత ఏమైంది? మంచి మార్కులొచ్చినా, చూపులేనివాడికి సైన్స్ కుదరదన్నారు. కోర్టుకెక్కి గెలిచాకే ఇంటర్లో సైన్స్ దొరికింది, 98 శాతం తెచ్చుకున్నారు, ఎంఐటీకి వెళ్ళారు, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ప్రత్యేక పాఠశాల గేటు దాటగానే బయట ఉన్నది అదే పాత సమాజం. చిన్నప్పుడు చూపులేని నేస్తంతో ఒక్క బల్ల మీద కూర్చోనివాళ్ళే పెద్దయ్యాక ‘కుదరదు’ అని ఫైలు మీద రాస్తారు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. డెన్మార్క్ పరిశోధకులు 2022లో చేసిన సమీక్షలో, మామూలు తరగతిలో చేర్చినంత మాత్రాన ప్రత్యేక అవసరాల పిల్లల చదువు సగటున పెరగలేదు, తగ్గలేదు అని తేలింది. కొందరికి మేలైంది, కొందరికి కాలేదు. కాబట్టి ప్రత్యేక పాఠశాలలు మూసెయ్యమనడం తొందరపాటు. బ్రెయిలీ, సైగల భాష వంటి వాటిలో వాళ్ళ అనుభవం అపారం. ఆ పనితనం మూసీ దాటి బస్తీ బడికి రావాలి, పిల్ల మూసీ దాటి వెళ్ళాల్సిన అవసరం తగ్గాలి.

డబ్బు మాటకొస్తే, సమగ్ర శిక్ష కింద ఒక్కో ప్రత్యేక అవసరాల విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయలు లెక్కగడతారు, ఆడపిల్లలకు నెలకు 200 స్టైపెండ్ పది నెలల పాటు. రోజుకు పది రూపాయలైనా పడని ఈ మొత్తంతో ఏమీ జరగలేదని వాపోవడం కంటే, ఇంతటితో ఏదో జరగాలని ఆశించడమే ఆశ్చర్యం. ఇటలీ 1977లో చట్టం చేసి ప్రత్యేక తరగతులు తీసేసినప్పుడు, పిల్లలతో పాటు సహాయ టీచర్లనూ తరగతిలోకి పంపింది, అలాంటి పిల్లలున్న తరగతిలో ఇరవై మందికి మించకూడదంది. అది మనకు దూరపు మాటగా తోచవచ్చు. కానీ పిల్లలు తగ్గి ఖాళీ అవుతున్న సర్కారు బడుల్లో ఇరవైమంది తరగతి అరుదేమీ కాదు. అక్కడ లేనిది సహాయ టీచరే.

బహుళ వైకల్యమో, తీవ్ర వైకల్యమో ఉన్న పిల్లల విషయంలో, విద్యాహక్కు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ఇంటి దగ్గరే చదువుకునే వీలు కల్పించింది. అది కుటుంబం కోరుకుంటే ఇచ్చే వీలు. బడి చెయ్యి దులుపుకునే దారి కాకూడదు. మేధో వైకల్యమున్న పిల్లలకు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో దేశానికి చెప్పే జాతీయ సంస్థ 1984 నుంచి బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో, ఇదే ఊళ్ళో ఉంది. ఆ విద్య గుడిమల్కాపూర్ రావడానికి మెహిదీపట్నం నుంచి బస్సెక్కినంత దూరమే.

జూన్‌లో బడిబాట మొదలవుతుంది. టీచర్లు జట్లుగా ఇల్లిల్లూ తిరిగి బడి ఈడు పిల్లల పేర్లు రాసుకుంటారు. పూల మార్కెట్ వెనక సందుల్లో ఇళ్ళ ముందు ఆడుకునే పిల్లల పేర్లు ఎలాగూ పడతాయి. లోపలి గదిలో మంచం మీద ఉన్న పిల్ల పేరు ఎవరో అడిగితేనే పడుతుంది. ఆ పేరు రాసుకున్న రోజే, ఆ పిల్లకు పాఠం చెప్పేదెవరు అన్న ప్రశ్న కూడా అదే కాగితం మీద రాసి, మండల విద్యాధికారి సంతకం తీసుకోవచ్చు. తల్లి అడిగితే ఆ కాగితం నకలు ఆమెకివ్వాలి.