కూత ఆగిన తర్వాత: ఆటగాడి ఒళ్లు, జొన్న రొట్టె, సొంత చెలక

నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు జాతర అంటే కుస్తీ పోటీలు ఉంటాయి, కబడ్డీ ఉంటుంది. మన వాడల నుంచి వెళ్లి ఆడినవాళ్లు ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. ముప్పై రాకముందే ఆట అయిపోతుంది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం నూటికి ఒకరికి కూడా రాదు. నలభై దాటేసరికి మోకాళ్ల నొప్పి, బీపీ గోలీలు, షుగరు గోలీలు. ‘అప్పుడు ఎట్లుండెటోడు’ అని ఊరు చెప్పుకుంటుంది, అంతే.

వీళ్లకు ఇప్పుడు డాక్టర్ల నుంచి యూట్యూబ్ గురువుల దాకా ఇచ్చే సలహా ఒకటే: వ్యవసాయం చెయ్యి, చిరుధాన్యాలు తిను. సలహా తప్పు కాదు. కానీ అందులో సగమే చెప్తున్నారు. మిగతా సగం భూమికి సంబంధించినది కాబట్టి దాన్ని మనమే మాట్లాడుకోవాలి.

ముందు ఒంటి సంగతి. ఆడే రోజుల్లో కండ ఒక పెద్ద గాదె లాంటిది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది, దాచుకునేది కండే. రోజూ మూడు గంటలు సాధన చేసేవాడు గిన్నెడు అన్నం తిన్నా అది కరిగిపోతుంది. సాధన ఆగితే కండ తగ్గుతుంది, మిగిలిన కండ కూడా ఇన్సులిన్ మాట సరిగా వినదు. ఆకలి, పళ్లెం మాత్రం పాత కొలతలోనే ఉంటాయి. ఆ పళ్లెంలో ఉండేది పాలిష్ బియ్యం. మిగిలిన చక్కెర రక్తంలో తిరుగుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. బలవంతుడిగా పేరున్న మనిషికే షుగరు ఎందుకొచ్చిందని ఊరు ఆశ్చర్యపోతుంది గానీ, ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

తిండి మారిస్తే మార్పు వస్తుందా? వస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 11 దేశాల్లో జరిగిన 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి లాంటివి క్రమంగా తిన్న షుగరు రోగుల్లో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, తిన్న తర్వాతి చక్కెర 15 శాతం తగ్గాయని తేల్చారు. పొట్టుతో, పీచుతో ఉన్న గింజ మెల్లగా అరగడమే దీనికి ముఖ్య కారణం. ఒక హెచ్చరిక: గోలీలు వాడుతున్నవాళ్లు తిండి, పని ఒకేసారి మార్చుకుని, డాక్టరుకు చెప్పకుండా గోలీ ఆపేయకూడదు, అదే మోతాదు గుడ్డిగా కొనసాగించనూ కూడదు. చక్కెర మరీ పడిపోతే చెలకలోనే కళ్లు తిరిగి పడిపోతారు.

ఇక గింజల సంగతి. ఇవి మనకు ఎవరో కొత్తగా చెప్పాల్సినవి కావు. పాలమూరు ఎర్ర చెలకల్లో, కృష్ణా, భీమా పక్క నల్లరేగడిలో జొన్న రొట్టె, గట్క, అంబలి, తైదల సంకటి, కందిపప్పు, పుంటికూర, పల్లీలు, నువ్వులు తిని బతికిన తరాలు మనవి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. కరువు జిల్లాలో, వలస పోయే కుటుంబాల్లో ఆ బియ్యం ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆకలి చూడనివాళ్లు. అయితే ఆ తర్వాత రేషన్ అంటే బియ్యమే అయింది. జొన్న పండించినవాడికి కొనేవాడు లేడు, తినేవాడికి రేషన్ దుకాణంలో జొన్న లేదు. చెలకలు పత్తికి, బోరు పడ్డచోట వరికి మారాయి. జొన్న రొట్టె ‘పేదోళ్ల తిండి’ అయింది, పిల్లలు బడికి తీసుకెళ్లడానికి సిగ్గుపడ్డారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కేంద్రం ఆ ఏడాది బడ్జెట్‌లో వాటిని ‘శ్రీ అన్న’ అని పిలిచింది. మా తిండికి ‘శ్రీ’ తగిలించాక ధర కూడా పెరిగింది. సూపర్‌బజారులో కొర్రల ప్యాకెట్ రేటు చూస్తే కూలికి వెళ్లే ఇల్లు కొనగలిగేదిగా లేదు.

చిరుధాన్యాల ప్రచారంలో మన పళ్లెంలోని మరో సగాన్ని దాచేస్తారు. మన ఆటగాళ్లకు కండ పట్టించింది పెద్దకూర, ఎండబెట్టిన తునకలు. తక్కువ ఖర్చులో మంచి మాంసకృత్తులు ఇచ్చే తిండి అది. 2012లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుంది కదా. సాత్విక ఆహారం పేరుతో జొన్నను పొగిడి పెద్దకూరను తిట్టే ఆరోగ్య బోధను మేము ఒప్పుకోం.

అసలు ప్రశ్న ఇది. వ్యవసాయమే ఆరోగ్యమైతే, తరాలుగా పొలాల్లో పనిచేసిన మన అమ్మలు, నాన్నలు ఎందుకు అంత త్వరగా వంగిపోయారు? ఎందుకంటే వాళ్లు చేసింది వేరేవాళ్ల పొలంలో కూలి. ఎండలో ఎప్పుడు ఆగాలో వాళ్ల చేతుల్లో లేదు. పత్తికి మందు కొట్టింది ముఖానికి గుడ్డ కూడా లేకుండా. కలుపు తీసిన చేలోని గింజ వాళ్ల ఇంటికి రాలేదు. సొంత చెలకలో పని వేరు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తవ్వడం, మొయ్యడం, నడవడం పాత ఆటగాడి కండకు సరిగ్గా కావలసిన పని. మోకాలు అరిగినవాళ్లు గొంతుక్కూర్చుని కలుపు తీయకుండా నిలబడి దంతె తోలొచ్చు. ఏ పంట వెయ్యాలో, ఏది ఇంటికి రావాలో తామే నిర్ణయించుకోవచ్చు.

దీన్ని ఇంకా స్పష్టంగా చూపించే ఆటగాడి జీవితం ఒకటి మన దేశం బయట ఉంది. విల్ అలెన్ 1949లో పుట్టిన నల్లజాతి అమెరికన్. ఆయన కుటుంబం సౌత్ కరోలినాలో పాలుకు సేద్యం చేసి, అక్కడినుంచి మేరీలాండ్‌కు వలస వెళ్లింది. చిన్నప్పటి చాకిరీ చూసి, మళ్లీ పొలం ముఖం చూడనని అనుకుని బాస్కెట్‌బాల్‌లోకి వెళ్లారు. మయామీ యూనివర్సిటీకి ఆడారు, కొంతకాలం అమెరికాలో, తర్వాత బెల్జియంలో వృత్తి ఆటగాడిగా ఉన్నారు. అక్కడే, ఆంట్వెర్ప్ దగ్గర, కాస్త నేల దొరికితే కూరగాయలు పండించి ఇంటికీ తోటి ఆటగాళ్లకూ పెట్టారు. తాను వదిలి పారిపోయింది మట్టిని కాదని ఆయనకు అక్కడ తెలిసిందని మా అభిప్రాయం. 1977లో ఆట మానేసి విస్కాన్సిన్ వచ్చి భార్య కుటుంబపు నేలలో సేద్యం చేస్తూ, ఒక ఫ్రైడ్ చికెన్ కంపెనీలోనూ ఉద్యోగం చేశారు. 1993లో మిల్వాకీ నగరంలో, పేదల ఇళ్లకు దగ్గరలో, మూతపడబోతున్న చిన్న తోటను కొన్నారు. వానపాముల ఎరువు, చేపల తొట్ల నీళ్లతో కూరగాయలు, వాడ పిల్లలకు పని. ‘గ్రోయింగ్ పవర్’ అనే ఆ సంస్థతో 2008లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2017లో అప్పులతో సంస్థ మూతపడింది, దాన్నీ దాచక్కర్లేదు. అయినా గమనించాల్సింది ఆయన చేతిలో నేల ఉందన్నది. 1920లో అమెరికాలో 9 లక్షల 25 వేల మంది నల్లజాతి రైతులుండేవారు, ఇప్పుడు 50 వేలు కూడా లేరు.

మన లెక్క కూడా అలాంటిదే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దళితులు 16.6 శాతం, 2015-16 వ్యవసాయ లెక్కల్లో దళితుల సాగులో ఉన్న భూమి 9 శాతం లోపే. తెలంగాణలో 2014 ఆగస్టు 15న మొదలైన మూడెకరాల పంపిణీ ఏడు వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది.

అయినా దారి లేదనలేం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలే. బీడు పడ్డ భూముల్ని బాగుచేసుకుని, ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సజ్జ, పెసర కలిపి వేశారు. యాసంగిలో మంచుకే పండే పంటలను ‘సత్యం పంటలు’ అన్నారు. అప్పు తీర్చడం డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, నిరుపేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. సర్కారు ‘శ్రీ’ అనడానికి చాలా ఏళ్ల ముందే జరిగిన పని ఇది.

నారాయణపేటలో మొదలుపెట్టడానికి రెండు పట్టులున్నాయి. ఒకటి, 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. తాతకు ప్రభుత్వం ఇచ్చిన ఎకరా పక్క పట్టాదారు చేతికి పోయి ఉంటే పాత కాగితాలు, పహాణీలు తీసి తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టొచ్చు. అమ్మకం కాగితం ఉందని బెదిరించినా, మధ్యలో వచ్చిన సవరణలు చూసుకుని వాదించాలి. రెండోది, 2013 ఆహార భద్రత చట్టం. బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా అందులో రాసి ఉన్నాయి. కర్ణాటక ఉత్తర జిల్లాల్లో రేషన్‌లో జొన్నలు పంచిన అనుభవం ఉంది. కృష్ణా మండలం నుంచి నది దాటితే రాయచూరు. ఆ జొన్న ఇవతలి ఒడ్డుకు ఎందుకు రాదని గ్రామసభలో అడగాలి, తీర్మానం రాయించాలి.