గంటకు 110 కిలోమీటర్ల యుద్ధ పడవ: స్పెక్ షీట్‌లో స్పీడ్ చూసి మోసపోకండి!

విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూస్తూ పెరిగినవాణ్ని నేను. ఆ సాయంత్రం ఇసుకలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నాన్న భుజాల మీద కూర్చుంటే నా కళ్లన్నీ పెద్ద ఓడల మీదే ఉండేవి. నురగ చిమ్ముకుంటూ దూసుకుపోయే చిన్న బోట్లంటే నాకు పెద్దగా లెక్క ఉండేది కాదు. "నాన్నా, ఇదే రోజు ఎందుకు చేస్తారు?" అని అడిగితే, "ఘాజీని ముంచిన రోజు కదరా" అనేవారు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది కూడా 1971 డిసెంబర్ 3-4 అర్ధరాత్రే కాబట్టి నాన్నను తప్పు పట్టలేం. కానీ నేవీ డే తేదీ వెనక ఉన్న అసలు కథ కరాచీది. డిసెంబర్ 4 రాత్రి ఆ ఓడరేవు మీదికి వెళ్లిన మూడు చిన్న మిస్సైల్ బోట్లది. అంటే నేను చిన్నప్పుడు పట్టించుకోని ఆ బుల్లి పడవలదే ఆ పండగంతా!

అందుకే ఈసారి ఫోన్ పక్కన పెట్టి, ఫాస్ట్ అటాక్ క్రాఫ్ట్ అనే ఈ కేటగిరీని మన పద్ధతిలోనే విప్పి చూద్దాం అనుకున్నా. డిజైన్, ఇంజిన్, ఆయుధాలు, లోపాలు అన్నీ. స్పెక్ షీట్ చదివి నేను మొదట పడిన పొరపాటు మీరు పడకూడదని కూడా.

ఈ కేటగిరీ ఎందుకు పుట్టింది?

1967 అక్టోబర్ 21. ఈజిప్టులోని పోర్ట్ సయీద్ దగ్గర ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్ గస్తీ తిరుగుతోంది. ఈజిప్టు దగ్గర ఉన్నవి సోవియట్ తయారీ కోమార్ బోట్లు, ఒక్కోటి 60-70 టన్నులు. డిస్ట్రాయర్ బరువు 1,700 టన్నుల పైమాటే. ఆ చిన్న బోట్లు వదిలిన పీ-15 మిస్సైళ్లు ఐలాత్‌ను ముంచేశాయి. 47 మంది నావికులు చనిపోయారు. పడవల నుంచి వదిలిన మిస్సైళ్లతో యుద్ధ నౌక మునగడం ప్రపంచంలో అదే మొదటిసారి.

ఆ రోజుతో లెక్క మారిపోయింది. పెద్ద ఓడను కొట్టాలంటే పెద్ద ఫిరంగులు, వాటిని మోయడానికి ఇంకా పెద్ద ఓడ కావాలనే రూల్ చెదిరిపోయింది. చిన్న బాడీ, పెద్ద ఇంజిన్, నాలుగు మిస్సైళ్లు. ఫార్ములా అంతే.

1971 మోడల్: విద్యుత్ క్లాస్

మన నేవీ తెచ్చుకున్నవి సోవియట్ ఓసా బోట్లు. మనవాళ్లు విద్యుత్ క్లాస్ అన్నారు. పొడవు సుమారు 39 మీటర్లు, బరువు 200 టన్నుల చిల్లర, నాలుగు పీ-15 మిస్సైళ్లు, రెండు జంట 30 ఎంఎం గన్‌లు.

నాకు బాగా నచ్చింది ఇంజిన్. పేరు ఎం-503. ఒక్క ఇంజిన్‌లో 42 సిలిండర్లు! మధ్యలో షాఫ్ట్, దాని చుట్టూ నక్షత్రం ఆకారంలో ఏడు వరసలు, వరసకు ఆరు సిలిండర్లు. బోటుకు అలాంటివి మూడు. అంటే ఒక పడవలో 126 సిలిండర్లు. గంటకు 70 కిలోమీటర్ల దాకా పరిగెత్తించేవి.

మరి బ్యాటరీ లైఫ్? అక్కడే దెబ్బ. ఇంత తాగే ఇంజిన్లకు ట్యాంకు చిన్నది. తీరం దగ్గర కాపలా కాయడానికి డిజైన్ చేసిన పడవను శత్రువు ఓడరేవు దాకా తీసుకెళ్లాలంటే ప్లాన్ కావాలి. అందుకే ఆపరేషన్ ట్రైడెంట్‌లో నిపాత్, నిర్ఘాత్, వీర్ ఒంటరిగా వెళ్లలేదు. తోడుగా కిల్తాన్, కచ్చాల్ అనే కొంచెం పెద్ద నౌకలు, ఇంధనం ఇవ్వడానికి పోషక్ అనే ట్యాంకర్ వెళ్లాయి. మనవాళ్లు సోవియట్ యూనియన్‌లో శిక్షణ పొందారు కాబట్టి రేడియోలో రష్యన్‌లో మాట్లాడుకున్నారని చెబుతారు, వినేవాళ్లకు అర్థం కాకూడదని.

నిర్ఘాత్ రెండు మిస్సైళ్లతో ఖైబర్ డిస్ట్రాయర్‌ను ముంచింది. వీర్ దెబ్బకు ముహాఫిజ్ అనే మైన్ స్వీపర్ పోయింది. నిపాత్ కొట్టిన దెబ్బకు వీనస్ ఛాలెంజర్ అనే సరకు ఓడ మునిగింది, కేమారీ చమురు ట్యాంకులు అంటుకున్నాయి. మన బోట్లు మూడూ క్షేమంగా తిరిగొచ్చాయి. ఇక్కడ ఒక్క మాట. అవతలి ఓడల్లో పోయినవాళ్లూ ఉద్యోగానికి వచ్చిన నావికులే. మనం స్పెక్స్ మాట్లాడుకుంటున్నాం సరే, ఈ వస్తువు చేసే పని ఏంటో మర్చిపోకూడదు.

ఇప్పటి ఫ్లాగ్‌షిప్: నార్వే షోల్డ్ క్లాస్

ఇక ఈ కేటగిరీలో అందరూ చెప్పుకునే మోడల్‌కి వద్దాం. నార్వే నేవీ దగ్గర ఇలాంటివి 6 ఉన్నాయి. షోల్డ్ అంటే వాళ్ల భాషలో డాలు.

స్పెక్స్ ఇవీ: పొడవు 47.5 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు, బరువు సుమారు 274 టన్నులు, సిబ్బంది ఇరవై మంది చిల్లర. ప్రశాంతమైన నీటిలో వేగం 60 నాట్లు, అంటే గంటకు 110 కిలోమీటర్లు. మన హైవే మీద కారు స్పీడ్!

ఎలా సాధ్యం? అడుగున రెండు పొడవాటి హల్స్ ఉంటాయి, కటమరాన్‌లాగా. వాటి మధ్య ఖాళీని ముందూ వెనకా రబ్బరు స్కర్టులతో మూసి, ఫ్యాన్లతో లోపలికి గాలి నింపుతారు. పడవ బరువులో ఎక్కువ భాగాన్ని ఆ గాలి మోస్తుంది. నీటికి తగిలే భాగం తగ్గిపోతుంది కాబట్టి రాపిడి తగ్గుతుంది, స్పీడ్ వస్తుంది. గాలి మీద లేచినప్పుడు ఇది నీటిలో మునిగేది ఒక్క మీటరే. నడుం లోతు నీళ్లలో ఒక యుద్ధ నౌక!

ప్రొపెల్లర్ లేదు. ఆ స్పీడ్‌లో ప్రొపెల్లర్ రెక్కల చుట్టూ ఆవిరి బుడగలు పుట్టి పేలుతూ లోహాన్ని తినేస్తాయి, పట్టు తగ్గిపోతుంది. అందుకే వాటర్‌జెట్లు పెట్టారు. నీటిని లాక్కుని వెనక్కి చిమ్ముతాయి. వీటిని తిప్పేవి నాలుగు గ్యాస్ టర్బైన్లు, ఏటీఆర్, క్యూ400 లాంటి చిన్న ప్రయాణికుల విమానాల ఇంజిన్ల కుటుంబానికి చెందినవి.

బాడీ ఉక్కు కాదు, ఫైబర్ కాంపోజిట్. తేలిక, పైగా అయస్కాంతానికి దొరకదు. గోడలన్నీ వాలుగా, తలుపులు బాడీతో సమంగా ఉంటాయి. రాడార్ తరంగాలు తిరిగి వచ్చినవైపే పోకుండా పక్కకు చెదిరిపోవాలని ఈ జాగ్రత్త. మిస్సైళ్లు కూడా డెక్ మీద కనపడవు, లోపల దాక్కుని ఉండి వదిలేటప్పుడే పైకి లేస్తాయి. అంటే కెమెరా బంప్ కూడా లేని ఫోన్ అన్నమాట.

ఆయుధాల్లో వచ్చిన మార్పు చూస్తే ఆశ్చర్యపోతారు. 1971 పీ-15 ఒక్కోటి రెండు టన్నులకు పైనే, రేంజ్ దాదాపు 40 కిలోమీటర్లు. షోల్డ్ మోసే ఎన్ఎస్ఎం మిస్సైల్ బరువు 400 కిలోల చిల్లర, రేంజ్ 185 కిలోమీటర్లకు పైనే. అలాంటివి 8. పీ-15 తన రాడార్ వెలిగించుకుని లక్ష్యాన్ని వెతికేది. ఎన్ఎస్ఎం ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో బొమ్మ చూసి గుర్తుపడుతుంది. ఏ సిగ్నలూ పంపదు కాబట్టి అవతలివాళ్లకు హెచ్చరిక అందడం కష్టం. వీటికి తోడు ముందు భాగంలో 76 ఎంఎం గన్.

బ్యాటరీ? 40 నాట్ల వేగంతో 800 నాటికల్ మైళ్లు. భాగించి చూడండి, 20 గంటలు. పొద్దున్నే బయల్దేరితే మర్నాడు తెల్లారేలోపు బంకు వెతుక్కోవాలి. నార్వే తీరంలో ఫియోర్డుల మలుపులు, దాక్కోవడానికి వేల దీవులు ఉన్నాయి కాబట్టి అక్కడ ఇది సరిపోతుంది. బంగాళాఖాతం మధ్యలో వదిలేస్తే సరిపోదు.

స్పెక్ షీట్ చెప్పని విషయం

ఇక్కడిదాకా చదివి "110 స్పీడ్, 185 రేంజ్, బాస్!" అనుకుంటే, నేను చేసిన తప్పే మీరూ చేస్తున్నట్టు. మూడు విషయాలు నా అభిప్రాయం మార్చాయి.

మొదటిది 1973 అక్టోబర్, సిరియాలోని లటాకియా. మిస్సైల్ బోట్లకీ మిస్సైల్ బోట్లకీ జరిగిన తొలి యుద్ధం. సిరియా పీ-15 రేంజ్ 40 కిలోమీటర్లు, ఇజ్రాయెల్ గేబ్రియల్ రేంజ్ 20. షీట్ మీద విజేత ఎవరు? సిరియా. జరిగింది రివర్స్. ఇజ్రాయెల్ బోట్లు జామింగ్ చేస్తూ, గాలిలో చాఫ్ చల్లుతూ దూసుకొచ్చాయి. చాఫ్ అంటే రాడార్‌కు ఓడలా కనిపించే సన్నటి లోహపు పీలికలు. సిరియా మిస్సైళ్లు ఒక్కటీ తగల్లేదు. సిరియా ఐదు నౌకలు పోగొట్టుకుంది. రేంజ్ సగమే ఉన్నవాడు ఎలక్ట్రానిక్స్‌తో గెలిచాడు.

రెండోది భూమి గుండ్రంగా ఉండటం. నవ్వకండి, సీరియస్. రాడార్ చూపు దాదాపు సరళరేఖలో పోతుంది. 16 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్, అంతే ఎత్తున్న లక్ష్యాన్ని సుమారు 33 కిలోమీటర్ల దాకానే చూడగలదు. ఆపైన లక్ష్యం హోరిజాన్ కిందికి దిగిపోతుంది. మిస్సైల్ 185 వెళ్తుంది, పడవ కళ్లు 33 దగ్గర ఆగిపోతాయి. మిగతా దూరం ఎవరు చూడాలి? విమానమో, డ్రోనో, తీరంలోని రాడారో చూసి డేటా లింక్‌లో పంపాలి. నెట్‌వర్క్ లేకపోతే ఈ ఫ్లాగ్‌షిప్ సిమ్ లేని ఫోనే.

అదే లెక్కలో, 400 మీటర్ల ఎత్తున ఎగిరే హెలికాప్టర్‌కు ఆ పడవ దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచే హోరిజాన్ పైన ఉంటుంది. మూడో విషయం ఇదే. 1991 గల్ఫ్ యుద్ధంలో బూబియాన్ దీవి దగ్గర ఇరాక్ ఫాస్ట్ బోట్లను బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్లు సీ స్కువా మిస్సైళ్లతో ఏరి ఏరి కొట్టాయి. బోట్లకు స్పీడ్ ఉంది. కానీ హెలికాప్టర్ ముందు ఏ పడవ పరుగెత్తి గెలుస్తుంది? పైకి చూసే రాడార్, గాలిలో ఉన్నదాన్ని కొట్టే మిస్సైల్ పెట్టాలంటే బరువు పెరుగుతుంది, బాడీ పెరుగుతుంది. అప్పుడది చిన్న పడవగా మిగలదు.

మరి మన దగ్గర?

2016లో విశాఖలో నేవీలో చేరిన ఐఎన్ఎస్ తిహాయు కూడా పేరుకు ఫాస్ట్ అటాక్ క్రాఫ్టే. 320 టన్నులు, మూడు వాటర్‌జెట్లు, 30 నాట్లకు పైన వేగం. కానీ దీనిలో ఓడల్ని ముంచే మిస్సైళ్లు లేవు. తీరం కాపలా, స్మగ్లర్లను వెంటాడటం, చేపల పడవలకు రక్షణ దీని పని. దాని 30 ఎంఎం సీఆర్ఎన్-91 గన్ తయారైంది మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలోనే. రెండు ఫోన్లకూ "ప్రో" అని పేరుంటే రెండూ ఒకటే కావు కదా, ఇదీ అంతే. బాక్స్ మీద పేరు కాదు, లోపల ఏముందో చూడాలి.

అసలైన మిస్సైల్ బోట్ల వారసులు కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో వస్తున్నాయి. 2023 మార్చిలో 6 కొత్త తరం మిస్సైల్ నౌకలకు రూ.9,805 కోట్ల ఒప్పందం కుదిరింది. ప్రకటించిన గరిష్ఠ వేగం 33 నాట్లు. అవును, సరిగ్గానే చదివారు. 1971 బోట్ల కంటే తక్కువ! మొదట చూసి "ఇదేంటి, డౌన్‌గ్రేడా?" అనుకున్నా. పై మూడు విషయాలు చదివాక అర్థమైంది. స్టెల్త్‌కీ, సెన్సర్లకీ, ఎక్కువ రోజులు సముద్రంలో ఉండటానికీ చోటు కావాలి. దానికోసం కొంచెం స్పీడ్ వదులుకోవడం నష్టం కాదు.

ఫైనల్ వెర్డిక్ట్

చిన్న తీరం, బోలెడు దీవులు, దగ్గర్లోనే సొంత విమానాలు ఉన్న దేశానికి ఫాస్ట్ అటాక్ క్రాఫ్ట్ ఇప్పటికీ డబ్బుకు తగిన విలువే. గాలిలో రక్షణ లేకుండా, నెట్‌వర్క్ లేకుండా ఒంటరిగా పంపితే మాత్రం అది లోపలున్న సిబ్బంది ప్రాణాలతో ఆడుకోవడమే.

ఒక చివరి ఉదాహరణ. 2024 ఫిబ్రవరి 1న క్రిమియాలో రష్యా మిస్సైల్ నౌక ఇవనోవెత్స్‌ను ఉక్రెయిన్ మనుషుల్లేని పడవలు ముంచేశాయి. ఆ మగురా డ్రోన్ బోటు పొడవు 5.5 మీటర్లు, మన ఎస్‌యూవీల కంటే కాస్త ఎక్కువ. 1967లో చిన్న బోట్లు డిస్ట్రాయర్‌కు ఏం చేశాయో, ఇప్పుడు అంతకంటే చిన్నవి మిస్సైల్ బోట్లకే అది చేస్తున్నాయి. తేడా ఒక్కటే. ఆ కొత్త బోట్లలో మనుషులు లేరు.

ఈసారి ఆర్కే బీచ్‌కి వెళ్తే నేను పెద్ద ఓడల్ని కాకుండా నురగ చిమ్మే ఆ చిన్న బోట్లను చూస్తాను. నాన్నకి డిసెంబర్ 4 అసలు కథ కూడా చెప్పాలి. "అయితే ఘాజీ కాదా?" అని కాసేపు వాదిస్తారని నాకు తెలుసు.