మలివయసు ఒంటరి వాహనయాత్రలు - దాంపత్యం: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఉద్యోగవిరమణ తరువాత ఆర్.వి.లో నెలల తరబడి దేశమంతా తిరగడం అమెరికా సమాజంలో కొత్త సంగతి కాదు. పడక, వంటపొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి అమర్చిన బండి అది. దాన్ని ‘ఇంటిబండి’ అందామంటే ఇంటికి చెందిన బండి అనే అర్థం వస్తుంది. స్థిరపడిన తెలుగు మాట లేదు కనుక ఈ వ్యాసంలో ఆర్.వి. అనే వాడుతున్నాను. ఈ వృద్ధసంచారులపై డొరొతీ కౌంట్స్, డేవిడ్ కౌంట్స్ అనే మానవశాస్త్రవేత్తలు రాసిన ‘ఓవర్ ద నెక్స్ట్ హిల్’ (1996) ఈ రంగంలో ముఖ్యమైన అధ్యయనం. భార్యాభర్తలైన ఆ ఇద్దరూ తామే ఆ బండిలో తిరుగుతూ, ఆ సమాజంలో ఒకరిగా ఉంటూ పరిశోధన చేశారు.

ఈ యాత్రికులు అనగానే మనకు రెండు చిత్రాలు తోస్తాయి. ఒకటి, విశ్రాంత దంపతుల జంట. రెండు, తోడు కోల్పోయిన ఒంటరి. వీటి మధ్య మూడో వర్గం ఒకటుంది. వివాహబంధం యథాతథంగా ఉండగానే ఒకరు ఇంట్లో ఉండి, మరొకరు ఒంటరిగా బండి తీసుకొని వారాలో నెలలో తిరిగి రావడం. ఇంట్లో ఉన్నవారికి ఇంకా ఉద్యోగం ఉండవచ్చు, నడుమునొప్పి ఉండవచ్చు, మనుమల బాధ్యత ఉండవచ్చు. లేదా అలాంటి ప్రయాణం బొత్తిగా గిట్టకపోవచ్చు. ఈ ఏర్పాటును చూసినవారు విడిపోవడానికి తొలిమెట్టుగా అనుమానిస్తారు, లేదా వ్యక్తిస్వేచ్ఛగా కీర్తిస్తారు. రెండింటిలోనూ ఇంట్లో మిగిలిన మనిషి కనిపించరు. ఈ యాత్రలో ఒంటరితనం బండి వరకే పరిమితమని, యాత్ర మాత్రం ఇద్దరూ కలిసి నడిపేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. స్టయిన్‌బెక్ విడిచిపెట్టిన షికాగో

ఈ విషయానికి మంచి ఆధారం అందరికీ తెలిసిన పుస్తకంలోనే ఉంది. జాన్ స్టయిన్‌బెక్ 1960 సెప్టెంబరులో, 58వ ఏట, ఒక పికప్ ట్రక్కుపై చిన్న గది కట్టించుకొని, చార్లీ అనే పూడిల్ జాతి కుక్కను వెంటబెట్టుకొని న్యూయార్క్ సమీపంలోని సాగ్ హార్బర్ నుంచి దేశాటనకు బయలుదేరాడు. బండికి డాన్ కిహోటే గుర్రం పేరు, రోసినాంతే అని పెట్టుకున్నాడు. అంతకుముందే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. జాగ్రత్త పేరుతో పసిబిడ్డలా బతకడం తనకు ఇష్టం లేదని, తన భార్య పెళ్ళాడింది ఒక మగవాణ్ణే తప్ప బిడ్డను కాదని ఆయన వాదం. 1950లో ఆయనను వివాహమాడిన ఎలేన్ ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆ యాత్రాఫలితమే 1962లో వచ్చిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’.

ఈ పుస్తకాన్ని ఒంటరి యాత్రకు ఆదర్శంగా చదవడం పరిపాటి. కాని పుస్తకంలోనే ఒక విచిత్రమైన చోటు ఉంది. యాత్రామధ్యంలో ఎలేన్ షికాగోకు వచ్చి భర్తను కలుసుకుంది. ఆ కలయిక తన పేరునూ, గుర్తింపునూ, దాంపత్య సంతోషాన్నీ తిరిగి ఇచ్చిందని రచయిత ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, అది జీవితంలో చెల్లుతుంది గాని రచనలో చెల్లదని, కథనపు ఏకసూత్రతను తెంచుతుందని చెప్పి షికాగోను వదిలేస్తాడు. దాంపత్యం యాత్రకు అడ్డు రాలేదు. అడ్డు వచ్చింది యాత్రాకథనానికి మాత్రమే. ఈ తేడాను ఇంత నిజాయితీగా ఒప్పుకున్న యాత్రారచయితలు అరుదు.

అయితే ఆ నిజాయితీకి హద్దులు ఉన్నాయి. బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు 2010లో అదే దారిలో తిరిగి, రాతప్రతిని కూడా పరిశీలించాడు. స్టయిన్‌బెక్ పలు రాత్రులు గడిపింది హోటళ్ళలోనని, పడమటి తీరప్రయాణంలో ఎలేన్ ఆయన పక్కనే ఉందని తేల్చాడు. అచ్చు పుస్తకంలో ఆ భాగం నుంచి ఆమె కనుమరుగైంది. పెంగ్విన్ సంస్థ 2012లో వేసిన స్వర్ణోత్సవ ప్రతికి ముందుమాట రాసిన జే పరీనీ కూడా, ఈ పుస్తకాన్ని అక్షరసత్యంగా తీసుకోవద్దని పాఠకులను హెచ్చరించాడు. విమర్శకులు దీన్ని ప్రధానంగా వాస్తవం, కల్పనల సమస్యగా చర్చించారు. నా దృష్టిలో ఇది అంతకన్నా దాంపత్యానికి సంబంధించిన సమస్య. భార్య పక్కన ఉంటే ఆ పుస్తకం ‘ఒంటరి మనిషి దేశాన్వేషణ’ కాకుండా పోతుంది. ఒంటరితనానికి గల సాహిత్యగౌరవం నిలవాలంటే ఆమెను తీసివేయక తప్పలేదు.

3. ఇంటి చిరునామా

సాహిత్యాన్ని పక్కన పెట్టి నిత్యవ్యవహారంలోకి వస్తే, ఇంట్లో ఉన్నవారి పాత్ర మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో 65 ఏళ్ళు నిండినవారికి వర్తించే మెడికేర్‌లో రెండు మార్గాలున్నాయి. మూలరూపంలోని మెడికేర్, దాన్ని అంగీకరించే వైద్యుల దగ్గర దేశమంతటా చెల్లుతుంది. ప్రైవేటు సంస్థలు నడిపే అడ్వాంటేజ్ పథకాలు చాలావరకు ఒక ప్రాంతానికి, నిర్ణీత వైద్యుల జాబితాకు కట్టుబడి ఉంటాయి. ఆ ప్రాంతాన్ని విడిచి వరుసగా ఆరు నెలలు దాటితే సాధారణంగా పథకం నుంచి తొలగించే అవకాశం ఉంది. అంటే, ఎంత దూరం తిరిగినా ఒక స్థిరనివాసం కావాలి. ఇల్లు వదులుకున్న పూర్తికాల సంచారులు ఉత్తరాలు అందుకోవడానికే డబ్బు చెల్లించి ఒక చిరునామాను ఏర్పాటు చేసుకుంటారు. వివాహితులకు ఆ పని ఇంట్లో ఉన్న జీవితభాగస్వామి చేసిపెడతారు. మందులు తెప్పించడం, బిల్లులు కట్టడం, ఈ రాత్రి బండి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవడం వారి వంతే.

జాతీయ పార్కుల ప్రవేశపత్రం సంగతి చిన్నదే అయినా ప్రస్తావించదగినది. 62 ఏళ్ళు నిండిన పౌరులకు, శాశ్వత నివాసులకు 80 డాలర్లకు జీవితకాల పత్రం ఇస్తారు (2017 ఆగస్టుకు ముందు అది 10 డాలర్లే). బండికి ప్రవేశరుసుము తీసుకునే చోట ఆ పత్రం గలవారితోపాటు అదే బండిలోని వారందరినీ లోపలికి పంపుతారు. పత్రం మాత్రం ఒక వ్యక్తి పేరనే ఉంటుంది. జంటగా వెళ్ళినన్నాళ్ళూ భర్త పత్రం మీద వెళ్ళిన భార్య, ఒంటరిగా బయలుదేరిన నాడు తన పేరిట మరొకటి తీసుకోవలసిందే. బండి ఎంపికలోనూ ఇదే మార్పు. బస్సంత ‘ఎ’ తరగతి బండిని ఒక్కరే వెనక్కి నడిపి నిలపడం కష్టం. అందుకే ఒంటరులు చాలామంది ‘బి’ తరగతి వ్యాన్ వైపు మొగ్గుతారు.

4. సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి?

1969లో ఎడిత్ లేన్ ప్రారంభించిన ‘లోనర్స్ ఆన్ వీల్స్’ ఒంటరి సంచారుల సంఘం. వివాహితులకు అందులో సభ్యత్వం లేదు. దాంపత్యంలో ఉన్న ఒంటరి యాత్రికురాలికి ఆ రోజుల్లో జంటల గుంపులోనూ, ఒంటరుల గుంపులోనూ పూర్తిగా చోటు లేనట్టే. 1990 దశకంలో ‘ఆర్వీయింగ్ విమెన్’, ‘సిస్టర్స్ ఆన్ ద ఫ్లై’ వంటి స్త్రీల సంఘాలు వచ్చాక వివాహిత స్త్రీ కూడా భర్తను ఇంట్లో ఉంచి వచ్చి కూర్చోగల చోటు ఏర్పడింది. అయినా ప్రజల ఊహలో వ్యాన్‌లో ఒంటరి వృద్ధస్త్రీ అంటే వితంతువే. 2020లో వచ్చిన ‘నోమాడ్‌ల్యాండ్’ చిత్రంలో నాయిక ఫెర్న్ కూడా భర్తను, ఊరిని కోల్పోయాకే బండి ఎక్కుతుంది. భర్త బతికుండి, ఆరోగ్యంగా ఉండి, ఆమె తన ఇష్టంతో బయలుదేరితే ఆ కథకు సానుభూతి అంత సులభంగా దొరకదు.

మన సంప్రదాయంలోనూ ఈ ప్రశ్నకు మూలం ఉంది. మనుస్మృతి ఆరవ అధ్యాయం వానప్రస్థానికి వెళ్ళే గృహస్థుకు రెండు దారులు చూపిస్తుంది: భార్యను కొడుకుల దగ్గర ఉంచి వెళ్ళడం, లేదా ఆమెతో కలిసి వెళ్ళడం. రెండు దారులూ అతనివే. భర్తను ఇంట ఉంచి ఆమె వెళ్ళే మూడో దారిని శాస్త్రం ఊహించలేదు.

ఆచరణలో మాత్రం తెలుగువారికి ఆ దారి ఇప్పుడు బాగా అలవాటే. అమెరికాలో కూతురి కాన్పుకు తల్లి ఒక్కతే విమానమెక్కి, సందర్శక వీసాపై సాధారణంగా లభించే ఆరు నెలలూ అక్కడే ఉంటుంది. తండ్రి ఇక్కడ ఊళ్ళో ఉండి వంటమనిషితోనో, కర్రీపాయింటుతోనో నెట్టుకొస్తాడు. అరవై దాటిన దంపతులు అంతకాలం విడిగా ఉన్నందుకు ఎవరూ సంజాయిషీ అడగరు. అది బాధ్యత కనుక. అదే తల్లి, కాన్పు పని ముగిశాక, గ్రాండ్ కాన్యన్ చూడటానికి తాను ఒక్కతే పది రోజులు వెళ్ళివస్తానంటే కూతురు, అల్లుడు, ఊళ్ళోని భర్త ముగ్గురూ కారణం అడుగుతారు. ప్రవాస సాహిత్యంపై పనిచేస్తున్న పరిశోధకులు తల్లిదండ్రుల అమెరికా ప్రయాణాలను చదివేటప్పుడు ఈ రెండు విడికాపురాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ ఆరు నెలల గురించి ఊళ్ళో ఉండిపోయినవారిని కూడా అడగాలి.