గునుగు పూలు లెక్కపెడదాం రండి!

బతుకమ్మ పేర్చాలంటే తంగేడుతోపాటు గునుగు ఉండాల్సిందే కదా! మా చిన్నప్పుడు బోధన్ వైపు చెరకు తోటల గట్ల మీద, మంజీర ఒడ్డున కావలసినంత దొరికేది. ఇప్పుడు గట్లకూ కలుపు మందు కొడుతున్నారు. పోయిన పండక్కి నిజామాబాద్ మార్కెట్లో కట్టలు కొన్నాను. అన్నీ వేళ్లతో సహా పీకినవే!

గునుగు ఒక్క ఏడాది మొక్క. గింజ రాలితేనే మళ్లీ ఏటికి మొలిచేది. మరి మనమే ఊడబెరుకుతుంటే గింజ రాలేదెప్పుడు?

పండగకు ముందు పిల్లలతో పోచారం అభయారణ్యానికి వెళ్లండి. మంజీరలో కలిసే వాగు మీది చెరువు అది. 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ అనుమతి లేకుండా మొక్కలు పీకడం చట్టరీత్యా నేరం. లెక్కపెట్టడానికి మాత్రం అడ్డేముంది?

నాలుగు మీటర్ల తాడును మీటరు చదరంగా పరవండి. నీటి అంచున ఒకచోట, పది అడుగులు వేసి ఇంకోచోట. లోపలున్న గునుగు మొక్కలెన్ని? మొగ్గవెన్ని, గింజ కట్టినవెన్ని? పువ్వు కొసన ఇంకా గులాబీ రంగున్నా, అడుగున గింజ ముదురుతుంటుంది. ఆవాల కంటే చిన్నగా, నల్లగా మెరుస్తుంది. పుస్తకంలో తేదీ, చోటు రాసుకుని, వచ్చే ఏడు అదే వారం అక్కడే చూడండి. పెరిగిందో తరిగిందో మీకే తెలుస్తుంది.

మన గట్ల మీద కోసేటప్పుడు కొడవలితో పువ్వు వరకే కోయండి. నాలుగింట ఒక మొక్కను గింజకు వదలండి. మన మనవరాళ్లూ బతుకమ్మ పేర్చాలి కదా!