ఒకే గీజరు నీరు ఇంటిల్లిపాదికీ తగునా?

గురువుగారి ఇంట వైద్యవిద్య అభ్యసించిన రోజులలో తెల్లవారుజామున రాగికాగు క్రింద పొయ్యి రాజేయడం శిష్యుల విధి. కాగు ఒక్కటే అయినా, అందరికీ ఒకే నీరు అందేది కాదు. వృద్ధులకు, పిల్లలకు, జ్వరం తగ్గినవారికి వేర్వేరుగా చన్నీరు కలిపి, చేతితో వేడి చూసి మరీ ఇచ్చేవారము.

నేడు మా రావికమతంలోనూ అనేక గృహాలలో ఆ పని గీజరు చేస్తున్నది. చూసి ఇచ్చే చేయి మాత్రం లేదు. దాని ఫలితం గత పుష్యమాసంలో మా ఇంటనే అనుభవమైంది.

మా గీజరు 25 లీటర్లది. దాని నుండి గొట్టాలు రెండు స్నానాల గదులకు, వంటింటికి పోతాయి. దూరపు గదిలో స్నానం చేసే మా అన్నగారికి వేడి చాలడం లేదని నేనే మీట పెంచాను. మరునాడు వంటింటి కుళాయి త్రిప్పిన నాలుగేండ్ల మనుమరాలి చేయి బొబ్బలెక్కింది. తప్పు నాదే.

కారణం సులభంగానే బోధపడుతుంది. అరంగుళం గొట్టంలో మీటరుకు సుమారు 180 మిల్లీలీటర్ల నీరు నిలుస్తుంది. 12 మీటర్ల దూరమైతే రెండు లీటర్లకు పైగా చల్లారిన నీరు ముందుగా పారాలి. వెనుక వచ్చే వేడినీరు సైతం దారిలో కొంత వేడి కోల్పోతుంది. దూరపు గదికి చాలినంత వేడి పెడితే దగ్గరి కుళాయి ప్రమాదకరమవుతుంది. 60 డిగ్రీల నీరు పెద్దల చర్మాన్నే ఐదారు సెకన్లలో కాలుస్తుంది. పసివారి చర్మం అంతకంటే త్వరగా కాలుతుంది.

కనుక వేడినీటిని విభజించుకోవడమే మార్గం. మేము అన్నగారి గదిలో 10 లీటర్ల చిన్న గీజరు వేరుగా పెట్టించాము. వంటింటికి పోయే వేడి గొట్టాన్ని మూయించి, కావలసిన నీరు పొయ్యిమీదనే కాచుకుంటున్నాము. పాత గీజరు ఇప్పుడు దగ్గరి స్నానాల గదికి మాత్రమే. 25 లీటర్లను 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి దాదాపు ఒక యూనిట్ విద్యుత్తు పడుతుంది. ఒక్కరి స్నానానికి అంత కాచనవసరం లేదు. ప్రతి గీజరుకూ ఎర్తు తప్పనిసరి. వాడని గొట్టాలను పూర్తిగా తొలగించడం ఉత్తమం. గోరువెచ్చని నీరు నిలిచిన చోట సూక్ష్మక్రిములు పెరుగుతాయి.

బకెట్టులో మొదట చన్నీరు, తరువాత వేడినీరు పట్టవలెను. మోచేతితో చూసిన పిమ్మటనే పిల్లలకు పోయవలెను.

శరీరానికీ ఈ విభజన ఉన్నది. మెడ క్రింది భాగానికి వేడినీరు బలాన్నిస్తుందనీ, తలకు పోస్తే కేశాలకు, నేత్రాలకు హాని అనీ వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పారు. తలస్నానానికి గోరువెచ్చదనం మించరాదు.

చేయి కాలినప్పుడు ఏ లేపనం పూయాలని చాలమంది అడుగుతారు. ఆనాడు నేను ఏ మందూ వెదకలేదు. గాజులు తీసి, పాప చేతిని 20 నిమిషాలు చల్లని కుళాయి ధార క్రింద ఉంచి, శుభ్రమైన వస్త్రం కప్పి ఆసుపత్రికి తీసుకుపోయాము. నేయి, తేనె, సిరా, టూత్‌పేస్టు, మంచుగడ్డ ఏవీ తగవు. బొబ్బలను చిదుపరాదు.

పాప చేయి మానింది. ఇప్పుడు మా ఇంట ఎవరి వేడి వారిది.