అండమాన్ వెళుతున్నారా? ఆరోగ్యం సంగతి ముందే చూసుకోండి

గూడూరు ప్రాంతం వారికి దీవి అంటే కొత్తకాదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట పక్కనే ఉంది. కాని అది రాకెట్ కేంద్రం. పిల్లాపాపలతో వెళ్ళి నాలుగు రోజులు మకాం వేసే చోటు కాదు. అందుకే దీవుల సరదా ఉన్న కుటుంబాలు అండమాన్ దారి పడుతుంటాయి. గూడూరు నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. అక్కడినుంచి విమానమైతే రెండు మూడు గంటలు, ఓడయితే దాదాపు మూడు రోజులు.

టిక్కెట్లు, గదులు ముందుగానే చూసుకునేవారు కూడా ఆరోగ్యం సంగతి పెట్టె సర్దేటప్పుడే తలుచుకుంటారు. మన ఊళ్ళో రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే కారు మాట్లాడుకుని నెల్లూరికో చెన్నైకో పోవచ్చు. దీవిలో ఆ వీలు లేదు. పెద్ద ఆసుపత్రి రాజధానిలో ఉంది. పోర్ట్ బ్లెయిర్ అనే ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. యాత్రికులు ఎక్కువగా వెళ్ళే హావ్‌లాక్ దీవి (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) నుంచి అక్కడికి రావాలంటే పడవే ముఖ్యమైన ఆధారం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆగిపోతాయి. కాబట్టి చేయించుకోవలసిన పరీక్షలు ఇంటిదగ్గరే ముగించుకుని బయలుదేరాలి.

వైద్యుణ్ణి ఎవరు చూడాలి?

గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు రెండు మూడు వారాల ముందే తమ వైద్యుణ్ణి సంప్రదించాలి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేవారు, ఛాతీలో బరువుగా ఉండేవారు పరీక్ష చేయించుకోకుండా ప్రయాణం పెట్టుకోరాదు. రోజూ వాడే మందులు యాత్ర రోజులకు మించి మరో వారానికి సరిపడా తీసుకోండి. వాటిని చేతిసంచీలో, మందుల చీటీతో సహా ఉంచుకోండి. ఇన్సులిన్‌ను విమానంలో సామాన్లతో వేయకండి. అక్కడి చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

ఓడలో వికారం

ఓడ ఊగినప్పుడు కంటికి కనబడేది ఒకటి, చెవిలోని సమతూక యంత్రం చెప్పేది మరొకటి. ఆ తికమకవల్లే కడుపులో తిప్పుతుంది. ఓడ మధ్యభాగంలో కూర్చుని, దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండండి. పుస్తకం, ఫోను చూడవద్దు. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపు అసలే మంచిది కాదు. వికారానికి వాడే మాత్ర ప్రయాణానికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే ఫలితం. వాంతి మొదలయ్యాక మింగితే నిలవదు. అది మత్తు కలిగించవచ్చు. నీటికాసులు, ప్రొస్టేట్ బాధ ఉన్నవారు, గర్భిణులు అడగనిదే వాడరాదు.

వాంతులు, విరేచనాలు అయితే నీరూ ఉప్పూ ఒంట్లోంచి పోతాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంచుకోండి. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టినది. గూడూరు నిమ్మకాయ ఉంటే రుచికి కొంచెం పిండుకోవచ్చు. గటగటా తాగకుండా గుక్కెడు గుక్కెడు తాగాలి. పసివాడు మగతగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా ఇంట్లో వైద్యం చాలదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎండ, సముద్రస్నానం

అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది. గడియారం మాత్రం మనదే. అందువల్ల అక్కడ సూర్యుడు నడినెత్తికి మనకంటే సుమారు 50 నిమిషాలు ముందే వస్తాడు. పదిగంటలకల్లా ఎండ ముదిరిపోతుంది. ఉదయమే తిరగండి, టోపీ, నూలుబట్టలు వాడండి.

ఈత వచ్చినా జెండాలు, హెచ్చరిక బోర్డులు పాటించాలి. ఆ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా ఈది దాన్ని తప్పించుకోండి. పగడపు రాయి గీసుకుంటే సబ్బుతో, మంచినీటితో బాగా కడిగి, ధనుర్వాతం సూది సంగతి వైద్యుణ్ణి అడగాలి.

గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగే సరదా ఉంటే, మీ జబ్బులు దాచకుండా చెప్పండి. జలుబు, చెవిపోటు ఉన్నప్పుడు దిగరాదు. దిగి వచ్చాక 24 గంటల దాకా విమానం ఎక్కవద్దు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా మారి ప్రాణం మీదికి రావచ్చు.

మనవల్ల వారికి ముప్పు

బారాటాంగ్ దారిలో జరావాలు కనిపించవచ్చు. బండి ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. ఇందులో ఆరోగ్యం సంగతీ ఉంది. బయటి జబ్బులను తట్టుకునే శక్తి వారికి తక్కువ. 1999లో, మళ్ళీ 2006లో వారిలో తట్టు వ్యాపించింది. మనకు తుమ్ముతో పోయేది వారికి ప్రాణాంతకం కావచ్చు.

తిరిగి వచ్చాక

దోమలు కుట్టకుండా పూత మందు, రాత్రి దోమతెర వాడండి. ఇంటికి చేరిన తరువాత మూడు నెలల లోపు జ్వరం వస్తే ఏదో పడిశం జ్వరమని మాత్రలు మింగుతూ కూర్చోకండి. "అండమాన్ వెళ్ళి వచ్చాను" అని వైద్యునితో చెప్పి, మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోండి.